గవాచి

ఉరవకొండ ఆస్పత్రిలో కొత్త డాక్టరమ్మ
చెవులకు గొట్టం పెట్టుకొని
నా వీపు మీద అక్కడక్కడా విని
"దినానికెన్ని బీడీలు తాగుతావమ్మా" అనె.
నాకు నవ్వొచ్చె. నవ్వితే దగ్గొచ్చె.
"నేను తాగను తల్లీ,
మా పొయ్యి తాగుతాది,
నేను దాని ఎదురుగా కూర్చుంటా."

ఆమె నవ్వలేదు.
చీటీ వెనక పొయ్యి బొమ్మ గీసి
పొగ ఎట్ల పోతాదని అడిగె.
ఎట్ల పోతాది?
బుద్ధి పుడితే గవాచిలోంచి,
లేకుంటే నాలోంచి.

గ్యాసు ఉండాది ఇంట్లో, లేదనను.
సిలిండరుకు పాత చీర ముక్క కప్పి, కుంకం పెట్టి.
సుట్టాలొస్తే టీకి,
కట్టెలు తడిస్తే అన్నానికి.
సంగటికి మాత్రం కాదు.
తెడ్డు దింపితే చాలు ఆ స్టవ్వు బెదురుతాది
కాడి ఎరగని కోడె మాదిరి.

శనివారం కుళ్ళాయప్ప అంగడికి పోతి.
నా వెనకాల మా ఆయన పెన్నోబులేసు,
నెత్తిన గోతాం.
గోతాంలో సెనక్కాయ పొట్టు, కందికట్టె,
జొన్న కొయ్యలు, నాలుగు పిడకలు, ఒక జాలిమొద్దు.
సంగటి కుండ నా సంకలో.
"ఏందక్కా, నా అంగట్లో కాపరం పెడతావా?"
"ఎద్దును కొనను పోతే పండ్లు చూడరా,
పొయ్యిని మండించి చూడొద్దా" అంటి.

మొదటిది తళతళా రేకుది, కడుపులో ఫ్యాను.
పొట్టు వేస్తే దానికి పొలమారె.
"చక్కగా చీల్చిన కట్టె కావాలక్కా,
వేలెడంత ముక్కలు."
మా ఊర్లో జాలికంప ఎప్పుడన్నా
వంకర లేకుండా పుట్టిందా?
పెన్నోబులేసు భుజం మీది తెల్ల తువాలు లాక్కొని
దాని పొగకు పట్టుకొంటి, నూరు లెక్కబెట్టేదాక.
తువాలు బూడిద పిల్లి ఆయె.

రెండోది పోత ఇనుముది. మంచిదే.
ధర విన్న పెన్నోబులేసు
ఏమీ మాట్లాడకుండా
గోతాం మళ్ళీ నెత్తికెత్తుకొనె.

మూడోది పొట్టిది, నల్లంది,
మూలన ఎవురూ అడగకుండా ఉండేది.
అడుగున జల్లెడ, బూడిదకు సొరుగు,
గోడల నడుమ గాలికి సందు.
కందికట్టె పెడితే అంటుకొనె.
పొట్టు గుప్పెడు గుప్పెడు మింగె.
పిడకకు రోంతసేపు అలిగి
మళ్ళా ఎర్రగా నోరు తెరిచె.
తువాలు రెండో కొస పట్టితే
టీ చుక్క పడినంత మరక, అంతే.

నీళ్ళు కాగినంక రాగిపిండి పోసి
భుజం బలమంతా పెట్టి గెలికితి.
అంగడి ముందర జనం చేరిరి.
మూడు కాళ్ళూ నేలను వదల్లేదు.
"ఇదే" అంటి.
కుళ్ళాయప్ప ఒక ముద్ద తిని
నూటాయాభై తగ్గించె.

ఆ రాత్రి మా అత్త హొన్నూరమ్మ
పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగి
ఒక్కటే మాట అడిగె.
"పొగ లేకుంటే ఇత్తనాలకు పురుగు పట్టదా?"
దూలానికి ఆమె కట్టిన సొరకాయ బుర్రలు,
అనప ఇత్తులు, జొన్న కంకులు
నలభై ఏండ్ల మసి కప్పుకొని వేలాడుతాండాయి.
నాకు జవాబు తెలీదు.
వేపాకు, బూడిద అని ఏదో అంటి.
ఆమె ఊ అనలేదు. ఊహూ అనలేదు.

అంతలో వాకిట్లో గాజుల సప్పుడు.
పక్కింటి మాబున్ని,
పళ్ళెంలో రెండు జొన్నరొట్టెలు, పైన ఊరిబిండి.
"మీ గవాచిలో పొగ రాలేదు కదక్కా,
పొయ్యి ముట్టించలేదేమో,
ఒంట్లో బాగలేదేమో అనుకొంటి."

ఏం చెప్పేది?
కరువు ఏండ్లలో ఈ వీధంతా
గవాచులు చూసే కదా
ఎవురింట్లో గింజలుండేదీ తెలుసుకొనింది.

రొట్టెలు తీసుకొంటి.
పళ్ళెం ఉత్తది ఇయ్యకూడదని
వేడి ముద్ద ఒకటి పెట్టి
"రా, లోపలికొచ్చి చూడు" అంటి.

మాబున్ని గడప దాటుతానే
అలవాటుగా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొనె.
రోంతసేపటికి తీసె.